వండినామె తిననంటోంది

నా గొంతు గురించి ముందే చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

పెళ్లయిన కొత్తలో నేను మిరప కల్లాల్లో తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. ఆ ఘాటు గొంతులోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. అప్పటినుంచీ నేను మామూలుగా మాట్లాడితే కొట్లాట అనుకుంటారు, కొట్లాడితే ఏదో గోడ కూలిందనుకుంటారు. “నువ్వు గుసగుసలాడితే కృష్ణకు అవతల నల్గొండోళ్లు ఊఁ కొడతారే” అనేవాడు మా ఆయన. ఇప్పుడు నేను చెబుతుంటే రాసిపెడుతున్న ఎదురింటి టీచరమ్మ కూడా కుర్చీ ఒకసారి వెనక్కి జరుపుకుంది. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద మాచర్ల అని ఉంటే గుర్తుపడతాను. చదువు అంతటితో సరి. అందుకని మాట నాది, రాత ఆమెది.

మా ఆయన సాగర్ జలాశయం ఒడ్డున ఒక గెస్టుహౌసులో వంటమనిషి. నాగార్జునకొండ చూడటానికి లాంచీ ఎక్కే పెద్దమనుషులు అక్కడ దిగి, తిని పోతుంటారు. ఆయన పోయాక గరిటె నా చేతికిచ్చారు. ఉద్యోగమంటే ఉద్యోగం కాదు. “ప్రస్తుతానికి నువ్వు చూసుకో” అన్నారు. ఆ ప్రస్తుతమే ఏళ్ల తరబడి నడుస్తోంది. వంటశాల వెనకున్న గది కూడా దాంతోపాటే వచ్చింది. అందులో నేనూ, నా తోడికోడలూ ఉంటాం. ఆమె వయసులో నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. అన్నదమ్ములిద్దరూ బతికినన్నాళ్లూ తినడంలో పోటీ పడ్డారు. చివరికి పోవడంలో కూడా పోటీపడి మా ఇద్దరినీ ఒకే గదిలో పడేసి పోయారు.

మా ఆయనకు భక్తి లేదని కాదు. దేవుడి మీద కొంత, ఆకలి మీద ఎక్కువ. కార్తీక సోమవారం తెల్లారకముందే కృష్ణలో మునిగి, ఒళ్లంతా విభూది పూసుకుని, “ఇయ్యాల నేను ఉపవాసం” అని అందరికీ వినపడేలా చెప్పేవాడు. మధ్యాహ్నానికి గిన్నెలో పులిహోర తగ్గేది. అడిగితే “ఉప్పు చూశానే” అనేవాడు. పళ్లెం నిండా ఉప్పు చూసే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయన పోయాక, ఆ తప్పిపోయిన సోమవారాలన్నీ ఆయన పేరు మీద నేనుంటానని కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాను. చుక్క కనపడేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టను. జ్వరంలో కూడా తప్పలేదు.

ఉప్పు చూసే అలవాటు మాత్రం నాకు లేదు. వండేటప్పుడు నోట్లో వేసుకుంటే వంటంతా ఎంగిలని మా అమ్మ నేర్పింది. దేవుడికి పనికిరాదు, ఇంటికొచ్చిన మనిషికి అంతకన్నా పనికిరాదు. వాసన చూసి, ఉడుకు చూసి చెప్పాలి. “నా చేతికే తెలుసు ఉప్పెంతో” అని వచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒక కార్తీకంలో మా మేనేజరు వంటశాలలోకి పరుగెత్తుకొచ్చాడు. నరసరావుపేట అబ్బాయి, నన్ను పిన్నీ అంటాడు.

“పిన్నీ, సోమారం మనకాడికి మిత్రదేశం వస్తంది.”

“ఎవురబ్బాయ్ ఆ మిత్రుడు?”

“మిత్రుడు కాదు పిన్నీ, దేశం. సముద్రం అవతల దేశం. మనకూ వాళ్లకూ స్నేహం. వాళ్ల పెద్దాయనా, మన ఢిల్లీ ఆఫీసరూ ఇక్కడ కూసోని మాట్లాడుకుంటారు.”

దేశం పేరు నాకు తెలుసు, కానీ చెప్పొద్దన్నారు, చెప్పను. చిన్నదేశం, చుట్టూ నీళ్లు. వాళ్ల సముద్రానికి కాపలా తిరగడానికి మనం పడవలివ్వాలట. తుఫానుకు పోయిన ఊళ్లలో ఆసుపత్రులు కట్టించివ్వాలట. దానికి బదులు వాళ్ల రేవులో మన పడవలు ఆగడానికి చోటిస్తారట. అయితే ఆ రేవుకు కాపలా ఎవరుండాలి, మనవాళ్లా వాళ్లా, అన్నచోట ఢిల్లీలో మాట ఆగిపోయిందట. వాళ్లు బుద్ధుణ్ణి కొలిచేవాళ్లు కాబట్టి నాగార్జునకొండ చూపించి, మనసు మెత్తబడ్డాక మా హాల్లో కూర్చోబెట్టి మిగతాది తేల్చుకుందామని మనవాళ్ల ఆలోచన.

నా తోడికోడలు అంట్లు తోముతూ అంతా విన్నది. “అంటే పిల్లనిచ్చి పుచ్చుకున్నోళ్ల మాదిరా అబ్బాయ్? వియ్యంకులా?”

“అట్టాగే అనుకో అత్తా.” నన్ను పిన్నీ అంటాడు, ఆమెను అత్తా అంటాడు. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

“అయితే అలకలు కూడా ఉంటయ్. అక్కా, బూరెలు ఎక్కువ చెయ్యి.”

మేనేజరు నవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇంకేదో ఉందన్నాను. అతను తల గోక్కున్నాడు. మా వంటశాలను ఒక కేటరింగ్ కంట్రాక్టరుకు ఇచ్చేద్దామని పైన చాలాకాలంగా అనుకుంటున్నారు. ఈ సోమవారం ఆ కంట్రాక్టరు వ్యాను కూడా వస్తుందట. వాళ్ల వంట సీలువేసి గేటు బయట ఉంచుతారు. వచ్చే పెద్దాయన ‘ఈ ఊరి ఇంటి వంట’ కావాలని అడిగాడు కాబట్టి మొదటి అవకాశం నాది. నా వంట బాగా జరిగితే వంటశాల నాకే ఉంటుంది. ఏదన్నా తేడా వస్తే వ్యాను లోపలికొస్తుంది, నేను బయటికి పోతాను.

“గది?” అన్నాను.

“గది వంటశాలదే గదా పిన్నీ.”

తోడికోడలు తోముతున్న గిన్నెను ఇంకా గట్టిగా తోమింది.

ఆదివారం సెక్యూరిటీవాళ్లు దిగారు. పెద్ద సారు విజయవాడ నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన చొక్కాలో ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. కిటికీలు చూశాడు, గ్యాసు బండలు చూశాడు, అటక మీద మా ఆయన దాచిపెట్టిపోయిన తాటాకు విసనకర్రను కూడా విప్పి చూశాడు. తర్వాత కుక్క వచ్చింది. బలంగా, బుద్ధిగా ఉంది. మూలమూలా వాసన చూసుకుంటూ వచ్చి, మా కారం డబ్బా దగ్గర ముక్కు పెట్టింది. అది గుంటూరు బజారు కారం కాదు, మా అన్న పొలంలో పండిన కాయ, నేను దగ్గరుండి ఆడించింది. కుక్క ఒక్క తుమ్ము తుమ్మి, రెండోదానికి ఆగకుండా, తాడు పట్టుకున్న పోలీసును కూడా లాక్కుని నేరుగా కృష్ణ ఒడ్డుకు పోయింది. మళ్లీ ఎంత పిలిచినా వంటశాల గడప తొక్కలేదు.

“సారూ, మీ కుక్క మా వంట ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?” అంది నా తోడికోడలు.

“అది పరిశీలనలో ఉంది” అన్నాడాయన.

సోమవారం చీకటితోనే లేచి తలస్నానం చేసి దీపం పెట్టుకుని పొయ్యి వెలిగించాను. పులిహోర, దోసకాయ పప్పు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, చారు, పెరుగు, తోడికోడలు పట్టుబట్టిన బూరెలు. కారం మేనేజరు చెప్పినట్టు తగ్గించాను. మిగతావి దించాక, పప్పు ఉడికి పోపుకు వచ్చిన సమయంలో, పెద్ద సారు మనిషి ఒకాయన వచ్చి తెల్లటి పొడులన్నీ పరీక్షకు కావాలన్నాడు. ఉప్పు డబ్బా, పంచదార, బియ్యప్పిండి, చివరికి తోడికోడలు మొహానికి రాసుకునే పౌడరు కూడా పట్టుకుపోయాడు. బల్లల మీద పెట్టిన చిన్న ఉప్పు సీసాలు కూడా తీసేశారు. నా డబ్బా తిరిగొచ్చేసరికి నేను బూరెల పనిలో ఉన్నాను. పౌడరు మాత్రం తిరిగి రాలేదు.

వాళ్లు లాంచీలో కొండకు పోయి వచ్చారు. వచ్చిన పెద్దాయన ముసలాయన, బక్కపలచన, మెత్తగా నవ్వుతాడు. మన ఢిల్లీ ఆఫీసరు లావుపాటి మనిషి. వాళ్ల మాట మనకూ మన మాట వాళ్లకూ మార్చి చెప్పడానికి ఒక అమ్మాయి ఉంది. గుంటూరు పిల్ల, బుద్ధుడి చదువు కోసం ఆ దేశంలో ఉండి వచ్చిందట. అందరూ హాల్లోకి పోయి తలుపు వేసుకున్నారు. హాలుకూ వంటశాలకూ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు పైన గాలి కన్నాలు. ఆ సంగతి సెక్యూరిటీవాళ్లు కూడా రాసుకున్నారు. కానీ వాళ్లు లోపలి మాట బయటికి వస్తుందని భయపడ్డారు. బయటి మాట లోపలికి పోతుందని అనుకోలేదు.

పెద్ద సారు వచ్చి నా ముందు నిలబడ్డాడు. “అన్నీ కొంచెం కొంచెం ఒక పళ్లెంలో పెట్టండమ్మా.”

పెట్టాను.

“తినండి.”

“ఎవురు?”

“మీరే. వండినవాళ్లు ముందు తినాలి. ముప్పావుగంట చూస్తాం. మీకేమీ కాకపోతే వాళ్లకు వడ్డిస్తాం.”

నా తోడికోడలు చేతిలో బకెట్టు కింద పెట్టింది. “ఏమన్నా అయితే?”

“అయితే వడ్డించం.”

“అది గాదు సారూ, మా అక్కకి ఏమన్నా అయితే?”

ఆయన చేతిలోని కాగితం తిరగేసి చూశాడు. ఆ ముక్క ఆయనకు ఎవరూ చెప్పి పంపినట్టు లేదు.

నేనన్నాను: “ఇంటికొచ్చినోళ్ల కంటే ముందు నేను తినటమేంది సారూ? ఎంగిలి పెడతానా వాళ్లకి?”

“పళ్లెం వేరు కదమ్మా. గిన్నెలు మీరు ముట్టుకోవడం లేదు.”

“సరే, ఎంగిలి సంగతి వదిలేద్దాం. ఇయ్యాల కార్తీక సోమారం. నేను ఉపవాసం. చుక్క కనపడిందాకా తినను.”

“ఇది రూలు.”

“నాదీ రూలే.”

“మా పైవాళ్లు ఒప్పుకోరమ్మా.”

“మా పైన ఉన్నాయనా ఒప్పుకోడు సారూ.”

తోడికోడలు చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. “నేను తింటా సారూ. పొద్దున ఇడ్లీలు తిన్నాగానీ, చోటుంది.”

“మీరు వండారా?”

“వంకాయలు తరిగింది నేనే.”

“వండినవాళ్లే తినాలి.”

అలా సారూ, నేనూ కాసేపు మర్యాదగానే మాట్లాడుకున్నాం. ఆయన గడియారం చూశాడు, గొంతు పెంచాడు, “మీవల్ల అంతర్జాతీయ కార్యక్రమం ఆగిపోతుంది, తెలుసా?” అన్నాడు. ఆ మాటతో నాకు కోపం వచ్చింది. చీకటితో లేచి పొయ్యి దగ్గర ఉడికింది నేను, ఆపేది నేనా? నా గొంతు దాని ఇష్టం అది చూసుకుంది.

“నేను తినను! చచ్చినా తినను! ఎవురొచ్చి చెప్పినా ఆ కూడు ముట్టను!”

గోడ అవతల మాటలు ఠక్కున ఆగిపోయాయి.

తర్వాత జరిగింది ఆ గుంటూరు అమ్మాయే నాకు చెప్పింది. లోపల మన ఆఫీసరు, మన రెండు దేశాల మధ్య నమ్మకం ఎంత పాతదో చెబుతున్నాడట. ఆ మాట మధ్యలో నా గొంతు గాలి కన్నాల్లోంచి వచ్చి పడింది. ముసలాయన మెత్తగా, ఏమంటున్నారు ఆమె, అని అడిగాడు. ఈ పిల్ల ఉద్యోగం విన్నది విన్నట్టు మార్చి చెప్పడం. చెప్పేసింది: “వండినామె తిననంటోంది. చచ్చినా ఆ తిండి ముట్టనంటోంది.”

వాళ్ల దేశం సెక్యూరిటీ ఆయన, మెడ లేని మనిషి, వంటశాలలోకి దూసుకొచ్చి ఎవరినీ అడక్కుండా గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలుపెట్టాడు. మన సారు ఆయనకు అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ ఇంగ్లీషులో ఒకరినొకరు సార్ అనుకుంటూనే తోసుకున్నారు. అంతలో మేనేజరు వచ్చాడు. మొహం మీద రక్తం చుక్క లేదు.

“పిన్నీ, వ్యాన్ని లోపలికి రమ్మన్నారు పిన్నీ.”

కిటికీలోంచి చూస్తే గేటు తెరుచుకుంటోంది. తెల్ల వ్యాను, దాని మీద నవ్వుతున్న వంటవాడి బొమ్మ.

ఆ బొమ్మ నవ్వు చూశాక నాకు నా గది కనపడింది. అటక మీద ఆయన విసనకర్ర, గోడకు ఆయన కొట్టిన మేకు, ఆ మేకుకు నా సంచీ. తోడికోడలు అప్పుడే మా గది తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది.

“ఒక్క నిమిషం ఆగండి” అన్నాను. కోటప్పకొండ ఉన్న తూర్పు దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టాను. “స్వామీ, ఈ సోమారం వదిలెయ్. దీనికి బదులు నీ కొండ మెట్లెక్కొస్తా. బస్సెక్కను, ఆటో ఎక్కను, మోకాళ్లు ఎట్టా ఉన్నాసరే.” ఆయన సరేనని అనలేదు. కాదని కూడా అనలేదు. పెద్దవాళ్ల చర్చల్లో దానికే ఒప్పందమని పేరు పెడతారట, మేనేజరు చెప్పాడు.

“ఎక్కడ తినమంటారు సారూ?”

వాళ్ల మెడలేనాయన, అందరి ముందూ తినాలన్నాడు. వరండాలో పీట వేశారు. హాలు తలుపు తీసి రెండు దేశాలవాళ్లూ గుమ్మంలో నిలబడ్డారు. నా పెళ్లి అప్పగింతలప్పుడు కూడా ఇంతమంది నన్ను ఇంత శ్రద్ధగా చూడలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని, మా ఆయన్ని తలుచుకుని, పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

బాగుంది. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. వంకాయ బాగుంది. గోంగూర, కారం తగ్గించినా, దాని పౌరుషం అది చూపించింది. తర్వాత పప్పన్నం కలుపుకుని పెట్టుకున్నాను.

ఉప్పు లేదు.

తక్కువ కావడం కాదు, అసలు లేదు. డబ్బా పరీక్షకు పోయినప్పుడు నా చెయ్యి ఆగింది, డబ్బా తిరిగొచ్చేసరికి చేతికి ఆ మాట గుర్తులేదు. జన్మలో మొదటిసారి నా వంట నేను ముందు రుచి చూశాను, అదే రోజు నా చేతికి ఉప్పు తెలియకుండా పోయింది. మొహం ఎక్కడ ముడుచుకుంటుందోనని భయమేసింది. ముడుచుకుంటే విషమనుకుంటారు. గేటు దగ్గర వ్యాను ఇంజను ఇంకా ఆపలేదు.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు పెద్ద సారు.

“అమృతం” అని ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

తోడికోడలు నా మొహం వైపు అదోలా చూసింది. ఆమె దగ్గర దాగేది ఏదీ లేదు. ఈలోపు గిన్నెలన్నిటికీ మూతలు పెట్టి, పైన కాగితం అంటించి, రెండు దేశాల సెక్యూరిటీవాళ్లూ సంతకాలు చేసేశారు. ఇక ఉప్పు వెయ్యాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.

ముప్పావుగంట నన్ను పీట మీదే కూర్చోబెట్టి, పెద్దవాళ్లు మళ్లీ హాల్లోకి పోయి కూర్చున్నారు. వాళ్లతో వచ్చిన డాక్టరు వచ్చి నాడి పట్టుకున్నాడు, కంటి రెప్పలు తిప్పి చూశాడు.

“కదలమాకే అక్కా” అంది తోడికోడలు నా చెవిలో. “నువ్వు కదిలితే పడవలు పోతయ్యంట.”

“గమ్మునుండవే.”

“పప్పులో ఏంది కత?”

“గమ్మునుండమన్నానా!”

గమ్మునుండమని నేనన్న మాటకు హాల్లో మళ్లీ ఒకసారి నిశ్శబ్దమైంది. అంతలో, పొద్దుటినుంచీ ఖాళీగా ఉన్న కడుపు కదా, నిండుగా ఒక త్రేన్పు వచ్చింది. మెడలేనాయన ఎగిరిపడ్డాడు. డాక్టరు మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. ఏమైంది ఏమైందని గుంటూరు అమ్మాయిని ముందుకు తోశారు.

“త్రేన్పమ్మా. మంచిదే” అన్నాను.

పాపం ఆ పిల్లకు ఆ దేశం భాషలో త్రేన్పును ఏమంటారో తెలియలేదు. పొట్ట పట్టుకుని, చెయ్యి పైకి ఎగరేసి చూపించింది. అది చూసి డాక్టరు ఇంకా కంగారుపడ్డాడు. ముసలాయనకు మాత్రం అర్థమైంది. పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

ఆ ముప్పావుగంట వాళ్లకు వేరే పనిలేదు. పులిహోర వాసన తగులుతోంది, తినడానికి లేదు, బయటికి పోవడానికి లేదు, నేను చచ్చేదీ లేనిదీ తేలేదాకా కూర్చోవాలి. కూర్చుని రేవు కాపలా సంగతి తేల్చేసుకున్నారని మేనేజరు అంటాడు. ఒక నెల వాళ్లు, ఒక నెల మనవాళ్లట. ఆకలి మీద ఉన్నారు కాబట్టి ఎవరూ ఎక్కువ బెట్టు చేయలేదట. నిజమో కాదో నాకు తెలియదు. మేనేజరు బస్సు ఆలస్యమైన సంగతి చెప్పినా అందులో తనొక హీరోలాగా ఉంటాడు.

నేను బతికే ఉన్నానని తేలాక వడ్డన మొదలైంది. నేను వంటశాల గుమ్మంలో నిలబడి, పప్పు గిన్నె ఎటు పోతుంటే అటే చూస్తున్నాను. మన ఢిల్లీ ఆఫీసరు విస్తట్లో పప్పన్నం కలిపి ముద్ద పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. బల్ల మీద ఉప్పు సీసా కోసం చెయ్యి పాకించాడు. సీసా లేదు. కళ్లెత్తి ఎదుట కూర్చున్న ముసలాయన వైపు చూశాడు. మన ఆఫీసర్లందరూ ఒకరి తర్వాత ఒకరు అలాగే ఆగి, అలాగే వెతికి, ఎదుటివాళ్లు చూస్తున్నారని “వెరీ గుడ్, వెరీ గుడ్” అంటూ మింగేశారు.

ముసలాయన పప్పు తిని, ఇంకొంచెం పెట్టమన్నాడు. అది కూడా తిని, గరిటె ఖాళీ చేయించాడు. తర్వాత చేతులు జోడించి ఏదో చెప్పాడు. గుంటూరు అమ్మాయి మార్చి చెప్పింది.

“నాకు గుండె జబ్బు ఉంది, డాక్టర్లు ఉప్పు మాన్పించారు. ఏ దేశం పోయినా విందులో భయపడుతూ తింటాను, అడగడానికి మొహమాటం. మీరు అడగకుండానే తెలుసుకుని నాకోసం ఈ పప్పు ఉప్పు లేకుండా చేయించారు. ఇది నేను మరిచిపోను.”

మన ఢిల్లీ ఆఫీసరు కన్నార్పలేదు. “మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. నేనే ప్రత్యేకంగా చెప్పి చేయించాను” అన్నాడు. అంత పెద్ద చదువు ఊరికే రాదు.

నేను ఊపిరి వదిలేలోపు, అటుపక్క మెడలేనాయన నిటారుగా అయ్యాడు. ముసలాయన జబ్బు వాళ్ల దేశంలో పెద్ద రహస్యమట. పేపర్లకు కూడా తెలియనివ్వలేదట. అది మాచర్ల పక్కన ఒక వంటశాలకు ఎలా చేరిందని ఆయన మన విజయవాడ సారును చూసిన చూపు, మా కారం డబ్బాను చూసిన కుక్క చూపులాగే ఉంది. మన సారుకు ఆ సంగతి ఏమీ తెలియదు. కానీ తెలియదనడానికి ఇష్టంలేక, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత మెడలేనాయన ఆయన్ను నిజంగానే సార్ అని పిలిచాడు.

పోయేముందు ముసలాయన వంటశాల గుమ్మం దాకా వచ్చి నాకు దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. నోరు తెరిస్తే నిజం ఎక్కడ బయటపడుతుందోనని నా తోడికోడలు వెనకనుంచి నా కొంగు పట్టుకుని ఉంది.

వ్యాను వచ్చిన దారినే పోయింది. దాంట్లోని వంటంతా అప్పటికే పోలీసులకు పెట్టారు. వాళ్ల పప్పులో ఉప్పు సరిపోయిందని తోడికోడలు తిని వచ్చి మరీ చెప్పింది.

ఆ సాయంత్రం రేవు మెట్ల మీద దీపం వదిలి చుక్క కోసం చూశాను. కడుపు నిండా తిని చుక్క కోసం చూడటం అదే మొదటిసారి. “సంతోషమేనా నీకు?” అని మా ఆయన్ని అడిగాను. “బతికున్నప్పుడు నువ్వు తిన్నావు, పోయాక నాచేత తినిపించావు. అదీ ఉప్పు చూసే వంకతోటే.” అవతలి ఒడ్డున ఎవరో దగ్గారు. నల్గొండవాళ్లై ఉంటారు.

వంటశాల నాకే ఉంచారు. పైనుంచి ఫోనొచ్చిందని మేనేజరు చెప్పాడు, ఆ ప్రత్యేకమైన ఏర్పాటు చాలా మెచ్చుకున్నారట. ప్రస్తుతానికి చూసుకోమన్నారట. కోటప్పకొండ మెట్లు ఎక్కాను. తోడికోడలు బస్సులో ముందుగా పైకి చేరి, నేను రొప్పుతూ వచ్చేసరికి పులిహోర పొట్లం సగం తినేసి కూర్చుంది. ఆ అన్నదమ్ముల ఇంటి గాలి ఆమెకూ పట్టింది.

మొన్న మళ్లీ కార్తీకం వచ్చింది. విజయవాడ సారు మేనేజరుకు ఫోన్ చేశాడు. ఆ ముసలాయన పడవలు అందుకున్న సందర్భంగా ఇంకోసారి వస్తున్నాడట, మా వంటే కావాలన్నాడట. రోజు ఇంకా ఖాయం కాలేదు, ముందు నన్ను అడగమన్నాడట సారు, ఏ వారాలు ఉపవాసాలో. మేనేజరు ఫోను నా చెవి దగ్గర పెట్టబోయి, మళ్లీ ఆలోచించి, మూరెడు దూరంలో పట్టుకున్నాడు.

“సోమారం వద్దు సారూ” అన్నాను. “మంగళారం రమ్మనండి. మంగళారమైతే ఎన్నిసార్లన్నా తింటా.”

“మంగళవారం ఖాయం చేస్తామమ్మా” అన్నాడాయన, చాలా వినయంగా.

నాకు సంతోషమేసింది. ఆయన్నీ సంతోషపెడదామనిపించింది. “ఈసారి మనవాళ్ల పప్పులోనన్నా మర్చిపోకుండా ఉప్పు...”

మేనేజరు ఫోను మీద పడి రెండు చేతులతోనూ మూసేశాడు. కానీ నా గొంతు సంగతి చెప్పాను కదా. “మర్చిపోకుండానా?” అన్నాడు అవతల ఆయన.